వంశవైరం, వీరప్రేమ: స్కాట్లండ్ క్లాన్ రొమాన్సు నుంచి అనంతపురం పాలెగాళ్ల నవల వరకు

వ్యాససంగ్రహం:

స్కాట్లండ్ కొండసీమల వంశకూటాల జీవితాన్ని ఆధారం చేసుకొని వెలసిన చారిత్రక రొమాన్సు నేడు ఒక స్థిరమైన నవలాశాఖ. ఆ శాఖ లక్షణాలకు తెలుగులో అతి దగ్గరగా వచ్చిన రచన అడివి బాపిరాజు ‘గోన గన్నారెడ్డి’. కోట, దళం, వైరం, కప్పం, దోపిడి వంటి ముడిసరుకు సమృద్ధిగా ఉన్న అనంతపురం పాలెగాళ్ల చరిత్ర మాత్రం చాలాకాలం నవలకు దూరంగా ఉండిపోయింది. బండి నారాయణస్వామి ‘శప్తభూమి’లో ఆ చరిత్ర నవలగా మారినప్పుడు కూడా రొమాన్సు రూపం ధరించలేదు. ఈ తేడాకు కారణాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: చారిత్రక నవల, రొమాన్సు, క్లాన్, పాలెగాళ్లు, హండే వంశం, గోన గన్నారెడ్డి, శప్తభూమి, రాయలసీమ.

1. ఉపోద్ఘాతం:

చారిత్రక నవలను పాఠ్యాంశంగా బోధించేటప్పుడు సాధారణంగా కాకతీయ, విజయనగర, నాయకరాజుల కాలాల నవలలనే ఉదాహరిస్తాం. అనంతపురం, గుత్తి, రాయదుర్గం, పెనుకొండ, కళ్యాణదుర్గం వంటి ఊళ్ల నుంచి వచ్చిన విద్యార్థి దృష్టిలో ఇందులో ఒక వెలితి ఉంది. అతడు రోజూ చూసే కొండకోట కథ ఈ నవలలలో కనిపించదు. ఆ కోటల్లో వీరులకు, యుద్ధాలకు, వంశవైరాలకు కొరత లేదు. మరి ఆ కథలు వీరప్రేమ గాథలుగా ఎందుకు రూపొందలేదు? ఈ ప్రశ్నకు సమాధానం వెదకాలంటే, ఇటువంటి ముడిసరుకునే తీసుకొని రొమాన్సును నిర్మించిన స్కాటిష్ నవలతో పోల్చి చూడడం ప్రయోజనకరం.

2. క్లాన్ రొమాన్సు – పుట్టుక, లక్షణాలు:

‘క్లాన్’ అన్న మాట గేలిక్ భాషలో ‘సంతానం’ అనే అర్థం గల పదం నుంచి వచ్చింది. కూటమిలోని వారందరూ ఒకే మూలపురుషుని సంతతి అన్న భావన దానికి పునాది. నిజానికి ఆశ్రయం కోరి చేరినవారు కూడా నాయకుని ఇంటిపేరునే ధరించేవారు. రక్తసంబంధం కొంత వాస్తవం, కొంత కల్పన. అయినా ఆ కల్పనే నాయకుణ్ణి తండ్రిగా, అనుచరులను బిడ్డలుగా నిలబెట్టింది.

1745లో జాకోబైట్ల తిరుగుబాటు మొదలై, 1746 ఏప్రిల్ 16న కల్లోడెన్ యుద్ధంలో అణగిపోయింది. ఆ తరువాత వచ్చిన చట్టాలు క్లాన్ నాయకుల వంశపారంపర్య న్యాయాధికారాన్ని రద్దు చేశాయి, ఆయుధాలను నిషేధించాయి, కొండసీమ వేషధారణను సైతం 1782 వరకు నిషేధించాయి. వాల్టర్ స్కాట్ 1814లో ‘వేవర్లీ’ని ప్రచురించినప్పుడు, ఇది అరవై ఏళ్ల కిందటి సంగతి అని ఉపశీర్షికలోనే చెప్పుకున్నాడు. ఆ అరవై ఏళ్ల ఎడమే రొమాన్సుకు కావలసిన దూరాన్ని సమకూర్చింది. ఒకప్పుడు భయపెట్టిన కొండవాడు, ఆయుధం పోయిన తరువాత, మైదానంలోని పాఠకునికి అందమైన జ్ఞాపకంగా మారాడు. ‘రాబ్ రాయ్’లో పశువుల దొంగతనాలతో, బలవంతపు రక్షణపన్నుతో ముడిపడిన వ్యక్తి వీరుడయ్యాడు. 1396లో పెర్త్ పట్టణం వద్ద రెండు క్లాన్‌ల మధ్య, పక్షానికి ముప్పై మంది చొప్పున జరిగిన పోరును స్కాట్ 1828 నాటి ‘ది ఫెయిర్ మెయిడ్ ఆఫ్ పెర్త్’లో మధ్యయుగపు కథగా మలిచాడు.

ఇరవయ్యో శతాబ్ది చివరి నాటికి ఈ శాఖ జనాదరణ గల ప్రేమనవలగా స్థిరపడింది. జూలీ గార్వుడ్ ‘ది బ్రైడ్’ (1989), డయానా గాబల్డన్ ‘అవుట్‌లాండర్’ (1991) ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణలు. ఈ శాఖలో తరచు కనిపించే అంశాలు నాలుగు: అ) ఒకే రక్తం అన్న భావనతో కట్టుబడిన కూటమి, ఆ) పొరుగు కూటమితో వైరం, ఇ) బలవంతపు వివాహం లేదా అపహరణ, ఈ) పరాయి ఇంటి నుంచి వచ్చిన స్త్రీ ఆ కూటమికి గృహిణిగా మారి వైరాన్ని చల్లార్చడం. నాలుగో అంశం మొదటిదాని మీద ఆధారపడి ఉంది. కూటమి ఒక కుటుంబమైతేనే పెళ్లి ద్వారా యుద్ధం ముగుస్తుంది.

3. తెలుగులో స్కాట్ ప్రభావం:

చిలకమర్తి లక్ష్మీనరసింహాన్ని ‘ఆంధ్రా స్కాట్’ అన్నారు. ఆయన తొలి చారిత్రక నవల ‘హేమలత’ 1896లో ‘చింతామణి’ పోటీ ద్వారా వెలుగు చూసింది. ఆయనకు చారిత్రక సామగ్రినిచ్చినది స్థానిక చరిత్ర కాదు, జేమ్స్ టాడ్ సంకలనం చేసిన రాజస్థాన చరిత్ర. స్కాట్ తన పక్కనున్న కొండల వైపు చూస్తే, స్కాట్ పద్ధతిని అనుసరించిన గోదావరి తీరపు రచయిత చిత్తూరుగఢం వైపు చూశాడు. జాతీయభావం మేలుకొంటున్న కాలంలో పరాయి దండయాత్రను ఎదిరించిన రాజపుత్రుడు ఆదర్శంగా కనిపించడం సహజం. పొరుగు తెలుగువాడితోనే పోరాడిన పాలెగాడికి ఆ ఆదర్శంలో చోటు దొరకలేదు.

4. ‘గోన గన్నారెడ్డి’ – శాసనం నుంచి రొమాన్సుకు:

ఈ లోటును కాకతీయ సామంతవంశాల కథతో కొంత పూరించినది అడివి బాపిరాజు నవల. వర్ధమానపురాన్ని ఏలిన గోన వంశంలో పినతండ్రి లకుమయారెడ్డికీ గన్నారెడ్డికీ మధ్య దాయాదుల వైరం ఉంది. ఆదవోని ప్రభువు కోటారెడ్డి కుమార్తె అన్నాంబికకు ఇష్టం లేని పెళ్లి కుదురుతుంది. పెళ్లిపీటల మీది వరుణ్ణి గన్నారెడ్డి ఎత్తుకుపోతాడు. లోకం దృష్టిలో గజదొంగ అయిన ఈ వీరుడు అంతరంగంలో రుద్రమదేవికి విధేయుడు. దొంగగా కనబడే విధేయుడు, బలవంతపు పెళ్లి, వైరివంశాల నడుమ ప్రేమ అనే అంశాలతో క్లాన్ రొమాన్సు నిర్మాణం ఇక్కడ పూర్తిగా కనిపిస్తుంది.

ఇక్కడ ఒక విశేషాన్ని గమనించాలి. 1294 నాటి రాయచూరు కోట శాసనం ప్రకారం గోన గన్నయరెడ్డి పక్షాన విఠలనాథుడు ఆదవాని, తుంబళం, మానువ, హాలువ దుర్గాలను జయించి రాయచూరులో రాతికోట కట్టించాడు. శాసనంలో ఆదవాని జయించిన దుర్గం. నవలలో ఆదవోని నాయిక పుట్టిల్లు. ఆక్రమణను అనురాగంగా మార్చడమే రొమాన్సు చేసే ప్రధాన కార్యం అనడానికి ఇది తెలుగులో లభించే స్పష్టమైన నిదర్శనం. ఈ మార్పు సాధ్యం కావడానికి ఒక షరతు ఉంది. నాయికానాయకులు ఇద్దరూ సమానస్థాయి గల ప్రభువంశాల వారు. వారి మధ్య ఉన్న అడ్డు వైరం మాత్రమే, కులం కాదు. కోట వెలుపలి రైతు, బంటు ఈ ప్రేమకథలో ప్రశ్న వేయరు.

5. అనంతపురం పాలెగాళ్లు – వాడుకోని ముడిసరుకు:

విజయనగరం తరువాత అనంతపురం, బుక్కరాయసముద్రం ప్రాంతాలు హండే వంశం ఏలుబడిలో ఉన్నాయి. ఆ వంశచరిత్రలో హనుమప్పనాయుడు ప్రసిద్ధుడు. బిజాపూరు, మొగలాయి, గుత్తి మరాఠా, మైసూరు అధికారాల నడుమ ఈ చిన్న సంస్థానాలు ఒకరికి కప్పం కట్టి, మరొకరిని ఎదిరించి మనుగడ సాగించాయి. ఊళ్ల నుంచి కావలి రుసుము, బంట్లకు కట్టుబడి మాన్యాలు, పైవానికి పేష్కషు – ఇదీ పాలెగాని ఆర్థిక వ్యవస్థ. సాలుకు సగటున 550 మిల్లీమీటర్లకు అటూయిటూగా వర్షం పడే ఈ మెట్టనేలలో కోటను నిలిపింది చెరువు. చెరువు ఎండితే దళం పొరుగు ఊరి గాదెల మీద పడేది. చలికాలపు ఆకలికి పశువులను తోలుకుపోయిన స్కాటిష్ కొండసీమ కూటాలతో ఈ అంశంలో పోలిక దగ్గరగా ఉంది.

1800లో నిజాం దత్తమండలాలను కంపెనీకి అప్పగించగా, వాటికి ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో గ్లాస్గోలో పుట్టిన స్కాట్లండ్ వాడే. అనంతపురం కేంద్రంగా 1807 వరకు పనిచేసి, సుమారు 80 మంది పాలెగాళ్ల అధికారాన్ని రూపుమాపాడు. కైఫియత్తులను సేకరింపజేసిన కాలిన్ మెకంజీ స్కాట్లండ్‌లోని లూయిస్ ద్వీపానికి చెందినవాడు. 1827లో స్కాట్ ‘ది సర్జన్స్ డాటర్’ కథను హైదరాలీ మైసూరు దాకా నడిపించాడు. అదే ఏడు మన్రో పత్తికొండలో మరణించగా గుత్తిలో ఖననం చేశారు. రెండు ప్రపంచాలు ఇంత దగ్గరగా వచ్చినా పాలెగాడు నవలలోకి రాలేదు.

సామగ్రి దొరకక కాదు. అనంతపురం చరిత్రను సి.పి. బ్రౌన్ 1853లోనే ‘రాజుల యుద్ధాలు’ అన్న అర్థం వచ్చే ఆంగ్ల శీర్షికతో ప్రకటించాడు. ఆ చరిత్ర నుంచి ఆధునిక సాహిత్యం మొదట ఎన్నుకున్నది యుద్ధాన్ని కాదు. తెగబోతున్న బుక్కరాయసముద్రం చెరువుకట్టను నిలపడానికి ప్రాణమిచ్చిన బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మను. పందొమ్మిదో శతాబ్ది చివర కట్టమంచి రామలింగారెడ్డి ఆమె కథను ‘ముసలమ్మ మరణము’ కావ్యంగా రాశారు. స్కాటిష్ నాయిక శత్రువు ఇంటికి కోడలై వైరాన్ని ఆపుతుంది. మెట్టసీమ నాయిక గండిలోకి నడిచి నీటిని ఆపుతుంది. ఈ నేల తన గాథలో ఏది ముఖ్యమనుకున్నదో ఈ భేదం సూచిస్తున్నది.

6. ‘శప్తభూమి’ – రొమాన్సు కాని పాలెగాళ్ల నవల:

2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన బండి నారాయణస్వామి ‘శప్తభూమి’ పద్దెనిమిదో శతాబ్దపు అనంతపురం సీమను, హండే పాలకుల కాలాన్ని నవలలోకి తెచ్చింది. శీర్షికే శాపాన్ని పలుకుతున్నది. ఇందులో దృష్టి కోట మీది నుంచి ఊరి మీదికి కాక, ఊరి నుంచి కోట మీదికి సాగుతుంది. కరువు, కులం, స్త్రీల మీద సాగిన ఆచారాల హింస కథకు పక్క సంగతులు కావు. పాలెగాని అధికారం దేనిమీద నిలిచిందో చూపే ఆధారాలు అవి.

దీనికి కారణాన్ని రచయిత వ్యక్తిగత దృక్పథంలోనే వెదకడం సరిపోదు. పాలెం నిర్మాణంలోనే అది ఉంది. క్లాన్‌లో బంటు నాయకుని ఇంటిపేరు ధరిస్తాడు. పాలెంలో బంటుది ఒక కులం, రైతుది ఒక కులం, నాయకునిది మరొక కులం. వారిని కలిపింది మాన్యమూ భయమూ గాని రక్తమన్న భావన కాదు. ‘మనమంతా ఒకే ఇల్లు’ అనే మాట ఇక్కడ నమ్మదగిన కల్పన కాజాలదు. అందువల్ల నాయకుని ఇంట జరిగే పెళ్లి దళానికంతటికీ శాంతిని తేలేదు. కూటమి కుటుంబం కాని చోట క్లాన్ రొమాన్సు తన ముగింపును కోల్పోతుంది.

7. దూరం కుదరని జ్ఞాపకం:

రెండో కారణం కాలానికి సంబంధించింది. కల్లోడెన్ తరువాత క్లాన్ నాయకుడు భూస్వామిగా మారాడు, అతని కత్తి గోడకెక్కింది. రాయలసీమలో పాలెగాని బిరుదు పోయినా, ఊరిని పక్షాలుగా చీల్చి నడిపే పెత్తనం ఇరవయ్యో శతాబ్దంలో ముఠాగా కొనసాగిందని చాలామంది పరిశీలకులు భావించారు. నేరుగా వారసత్వం ఉన్నదా లేదా అన్నది చరిత్రకారులు తేల్చవలసిన విషయం. కాని జనస్మృతిలో ఆ రెండూ ఒకే వరుసలో నిలిచాయి. ‘అరవై ఏళ్ల కిందటి సంగతి’ అని చెప్పుకోగల ఎడం ఈ ప్రాంతపు రచయితకు దొరకలేదు.

ఆ ఎడాన్ని పాటించకుండానే రొమాన్సును తయారుచేసింది సినిమా. 1999 నాటి ‘సమరసింహారెడ్డి’, 2002 నాటి ‘ఇంద్ర’ వంటి చిత్రాలలో రెండు ఇళ్ల వైరం, తండ్రివంటి నాయకుడు, అతనికోసం ప్రాణమిచ్చే ఊరు కనిపిస్తాయి. క్లాన్ రొమాన్సు సామగ్రి చాలావరకు ఇదే. కక్షల్లో నిజంగా చచ్చిన బంటు కుటుంబం మాత్రం వాటి కథాకేంద్రంలో ఉండదు. ఈ సీమ రచయితలు కరువును, కక్షలో నలిగిన సామాన్యుణ్ణి పదేపదే రాయడాన్ని ఈ నేపథ్యంలో చదవాలి. ఇక్కడ రొమాన్సు కేవలం అభిరుచి విషయం కాదు. ఎవరి మరణాన్ని అందంగా చెప్పవచ్చు అన్న నైతికప్రశ్న అందులో ఇమిడి ఉంది.

8. ముగింపు:

- క్లాన్ రొమాన్సుకు ఆధారం కోటలూ కత్తులూ మాత్రమే కాదు. కూటమి ఒక కుటుంబమన్న భావన, ఆ ప్రపంచం ముగిసిపోయిందన్న నమ్మకం కూడా దానికి అవసరం.
- ‘గోన గన్నారెడ్డి’లో సమానస్థాయి ప్రభువంశాలు, ఆరువందల ఏళ్లకు పైబడిన కాలదూరం ఆ రెండు షరతులను తీర్చాయి. కనుకనే శాసనంలోని దుర్గవిజయం నవలలో ప్రేమకథగా మారగలిగింది.
- అనంతపురం పాలెగాళ్ల చరిత్రలో కులభేదం మొదటి షరతును, ముఠాకక్షల జ్ఞాపకం రెండో షరతును అడ్డుకున్నాయి. ‘శప్తభూమి’ రొమాన్సు కాకపోవడం లోపం కాదు, ఆ సామగ్రి పట్ల నిజాయితీ.
- విద్యార్థి అడగదగిన ‘మా కోట కథ ఏది?’ అన్న ప్రశ్నకు తరగతిలో ‘గోన గన్నారెడ్డి’, ‘ముసలమ్మ మరణము’, ‘శప్తభూమి’ మూడింటినీ కలిపి బోధించడం తగిన సమాధానం. ఒకే రకమైన చరిత్ర ప్రేమగా, త్యాగంగా, శాపంగా ఎలా మారిందో అప్పుడు తెలుస్తుంది.
- కైఫియత్తులలోని స్త్రీలను, బంట్లను, కావలివాళ్లను కేంద్రంగా చేసుకొని తులనాత్మక పరిశోధన జరగవలసి ఉంది. కోట గోడ మీద పేరు చెక్కించుకోలేని వారి కథ ఆ కాగితాలలో ఎక్కడెక్కడ దాగి ఉందో వెదకడం ఈ ప్రాంతపు పరిశోధకుల ముందున్న పని.