మాటకు బలం ఎక్కడిది?

మా అమ్మ పోయాక అది రెండో తద్దినం. ఎటోబికోలో మా ఇంటి బేస్‌మెంటులో పీట వేసుకుని, పురోహితుడుగారు చెప్పిన మంత్రాలు చెప్పినట్టు అప్పజెప్పాను. అంతా అయ్యాక, మెట్ల మీద కూర్చుని చూస్తున్న మా పన్నెండేళ్ళ అమ్మాయి అడిగింది: "నాన్నా, ఇందాక నువ్వు చెప్పినదాంట్లో నీకెంత అర్థమైంది?" పదింట ఒక మాట అన్నాను. నిజానికి అదీ ఎక్కువే. "మరి నీకే తెలియని మాటలు బామ్మకి ఎలా చేరతాయి?" అంది.

"పెద్దలు చెప్పారమ్మా" అనబోయి ఆగిపోయాను. "వాళ్ళకెలా తెలుసు?" అని తర్వాతి ప్రశ్న సిద్ధంగా ఉంటుందని నాకు తెలుసు.

ఈ సందేహం కొత్తదేమీ కాదు. మంత్రాలకు అర్థమే లేదని కౌత్సుడు వాదించినట్టు యాస్కుడు నిరుక్తంలో చెప్పి, జవాబు కూడా ఇచ్చాడు. అక్కణ్ణించి మొదలుపెట్టి ఈ ఏడాదిగా చదివినదాంట్లో నాకు తోచింది ఇది. మనం ముందు దేవుడున్నాడా లేడా తేల్చుకుని, ఆ తర్వాత శాస్త్రాల జోలికి వెళ్ళాలనుకుంటాం. మన దార్శనికులు అటువైపునుంచి రాలేదు. తెలుసుకోవడమంటే ఏమిటి, మాటకు అర్థం ఎలా వచ్చింది అన్నవి ముందు తేల్చుకున్నారు. దేవుణ్ణి గురించి ఏ దారిన ఆలోచించాలన్నది దాన్నిబట్టే నిర్ణయమైంది.

మా ఊరి పేరే తీసుకోండి. ఇంగ్లీషు అక్షరాలు చూసి చదివితే 'ఎటోబికోక్' అనాలి. వచ్చిన కొత్తలో నేను అలాగే అంటే బస్సు డ్రైవరు నవ్వి, చివరి 'క్' పలకకూడదని దిద్దాడు. ఆ అక్షరాలకు ఆ పలుకు ఎందుకంటే, అందరూ అలా ఒప్పుకున్నారు కనుక. పదానికీ అర్థానికీ ఉన్నది కూడా ఇలాంటి ఏర్పాటే, సంకేతమే అన్నారు నైయాయికులు. మన తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహంలో, ఈ పదంవల్ల ఈ అర్థం తెలియాలన్న ఈశ్వర సంకేతమే పదానికున్న శక్తి అంటాడు. అంటే దేవుడు పూజాపునస్కారాల దాకా ఆగకుండా పదం నిర్వచనంలోనే వచ్చి కూర్చున్నాడు.

న్యాయశాస్త్రం ప్రకారం వాక్యం ప్రమాణం కావాలంటే చెప్పినవాడు నమ్మదగినవాడై ఉండాలి. వేదం ఈశ్వరుడు చెప్పింది కనుక ప్రమాణం. మరి ఈశ్వరుడున్నాడని ఎలా తెలుసు? వేదం చెప్పిందంటే తిరిగి మొదటికే వస్తాం. అందుకని కుండకు కుమ్మరి ఉన్నట్టు జగత్తుకూ కర్త ఉండాలని అనుమాన ప్రమాణంతో నిరూపించడం వాళ్ళ పద్ధతి అయింది. ఉదయనుడు న్యాయకుసుమాంజలి రాసింది ఈ పనికే.

మీమాంసకులు సరిగ్గా ఎదురు దారి పట్టారు. పదానికీ అర్థానికీ ఉన్న సంబంధం ఒకరు పెట్టింది కాదు, ఎప్పటినుంచో ఉన్నదే. దోషం చెప్పేవాడివల్ల వస్తుంది. వేదానికి కర్తే లేడు కనుక దోషానికి తావు లేదు. పైగా కలిగిన జ్ఞానం, తప్పని తేలేదాకా, తనంతట తానే ప్రమాణం. మా వృత్తిలో చెప్పాలంటే, నైయాయికుడు పరీక్ష నెగ్గితేగానీ ప్రోగ్రాం విడుదల చెయ్యనంటాడు. మీమాంసకుడు బగ్ ఎక్కడుందో చూపించమంటాడు. ఫలితం చూడండి: 7వ శతాబ్దపు కుమారిలభట్టు శ్లోకవార్తికంలో సృష్టికర్త ఉన్నాడన్న వాదాన్ని ఖండించాడు. యజ్ఞాలను అంత గట్టిగా సమర్థించినవాడికి సృష్టికర్త అక్కరలేకపోయాడు!

అలాగని మంత్రానికి ధ్వని ఒక్కటే చాలని మీమాంసకులు అన్నారనుకోకండి. చేస్తున్న కర్మను గుర్తు చెయ్యడం మంత్రం పని అన్నారు. అర్థం తెలియకపోతే గుర్తు చెయ్యడం ఎలా? జైమిని సూత్రాలకు భాష్యం రాసిన శబరస్వామి కూడా మా అమ్మాయి పక్షాన నిలబడ్డాడన్నమాట.

మీమాంసకుల్లోనే ప్రభాకరుడు ఇంకో మెలిక పెట్టాడు. "ఆవును తీసుకురా" అని ఒక పెద్దాయన అంటే ఇంకొకాయన తెస్తాడు. అది చూసి పిల్లవాడు భాష నేర్చుకుంటాడు. కాబట్టి మాటల అర్థమంతా చెయ్యవలసిన పనితోనే ముడిపడి ఉంటుంది. మరి ఏ పనీ చెప్పకుండా బ్రహ్మాన్ని గురించి చెప్పే ఉపనిషత్తులు దేనికి? "నీకు కొడుకు పుట్టాడు" అనగానే విన్నవాడి మొహం వెలుగుతుంది, అది చూసి కూడా అర్థం నేర్చుకోవచ్చు కదా అన్నారు వేదాంతులు. ఏరు దాటి, ఎవడికి వాడు తనను వదిలేసి లెక్కపెట్టుకుని, ఒకడు తగ్గాడని ఏడ్చిన పరమానందయ్య శిష్యులు మనకు తెలుసు. అలాంటి కథే శంకరుల ఉపదేశసాహస్రిలోనూ ఉంది. ఆ తగ్గినవాడివి నువ్వేనని చెబితే చాలు, చెయ్యడానికేమీ మిగలదు. ఒక్క వాక్యం వినడంవల్లే నేరుగా జ్ఞానం కలుగుతుందని అద్వైతంలో వివరణ ప్రస్థానం వారంటారు. విన్నదాన్ని ధ్యానంతో మనసుకు పట్టించాలని భామతి ప్రస్థానం వారంటారు. మాట ఏం చెయ్యగలదన్న ఒక్క ప్రశ్న దగ్గర తేడా వస్తే సాధన మార్గమే మారిపోయింది.

ఇది మనవాళ్ళకే పరిమితమైన సంగతి కాదు. మా టొరంటోలోనే రీజిస్ కళాశాలలో ఉండగా, బెర్నార్డ్ లోనెర్గన్ (1904-1984) అనే జెసూట్ పండితుడు 1972లో 'మెథడ్ ఇన్ థియాలజీ' ప్రచురించాడు. తెలుసుకోవడాన్ని ఆయన మెట్లుగా విడగొట్టాడు: అనుభవానికి రావడం, అర్థం చేసుకోవడం, నిజమో కాదో తేల్చుకోవడం, తేలినదాన్నిబట్టి నిర్ణయించుకోవడం. దైవశాస్త్రం చెయ్యవలసిన ఎనిమిది పనులనూ ఈ నాలుగు మెట్ల మీదే పేర్చాడు. పాతవాళ్ళు చెప్పింది వినేటప్పుడు నాలుగూ ఎక్కాలి, మన కాలానికి చెప్పేటప్పుడు నాలుగూ దిగాలి.

ఆ లెక్కన తద్దినంనాడు నేను మొదటి మెట్టు దాటలేదు. చెవిన పడింది, నోట పలికింది, అంతే. అర్థమేమిటని అడిగిన మా అమ్మాయి నాకంటే ఒక మెట్టు పైనే ఉంది.

ఈ ఏడు పురోహితుడుగారిని ముందే అడిగి, మంత్రాల తాత్పర్యం తెలుగులో రాసుకున్నాను. ఆదివారాలు ఇద్దరం కూర్చుని చదువుతున్నాం. ఒకచోట తను చప్పున ఆపి, "ఇవి మంత్రాలు కావు, పేర్లు!" అంది. నిజమే. మా అమ్మ పేరు, మా నాన్నగారి అమ్మ పేరు, ఆవిడ అత్తగారి పేరు. కిందటిసారి నా నోటితోనే ఆ మూడు పేర్లూ పలికాను. మా అమ్మ పేరు ఒక్కటే తెలిసి పలికాను.

అవి బామ్మకి చేరతాయా అన్న ప్రశ్న ఇంకా అలాగే ఉంది. ఎవరిని పిలుస్తున్నామో మాత్రం ఈసారి ఇద్దరికీ తెలుసు.