ఫ్రేములో కనిపించని చెయ్యి

స్టాప్‌మోషన్‌లో బొమ్మను కదిపిన చెయ్యి కనిపించకూడదు. బొమ్మను గోరంత జరపాలి, చెయ్యి తీసెయ్యాలి, ఫోటో తియ్యాలి. సెకనుకు 12 ఫోటోల లెక్కన మూడు నిమిషాల పాటకు 2,160 సార్లు ఇదే పని.

మీడియా విద్యార్థిగా నేను డప్పు పాటను ఎంచుకున్నాను. దరువు వినిపిస్తే చాలదనిపించింది. మట్టిబొమ్మ చేత తోలును సున్నపు నీళ్లలో నానబెట్టించాను, బొచ్చు గీయించాను, చెక్క వలయానికి బిగించి మంట దగ్గర కాయించాను. మా తాత అలాగే కట్టేవాడు. చిర్ర, సిటికెన పుల్ల చేతికి వచ్చేది ఆ తరువాతే.

మా అధ్యాపకుడు దరువును మెచ్చుకున్నారు. సున్నపు తొట్టి దృశ్యాన్ని మాత్రం ‘చూడటానికి బాగోలేదు, తీసెయ్య’మన్నారు. ఆయనది దురుద్దేశం అనను. డప్పు ఊరేగింపుకు కావాలి, ఉద్యమానికి కావాలి, సినిమాకూ కావాలి. తోలు శుద్ధిచేసిన మాదిగ వాకిలి మాత్రం కంటపడకూడదు. ఈ అలవాటుకు సౌందర్యదృష్టి అని పేరు పెట్టుకున్నాం, అంతే.

ఆ దృశ్యం 11 సెకన్లు, 132 ఫోటోలు. తీసెయ్యలేదు. ఒక ఫోటోలో పొరపాటున నా బొటనవేలు పడింది. సాంకేతిక లోపమని రెండు మార్కులు తగ్గించారు. దాన్నీ అలాగే ఉంచాను.