నూతన ఖతులు – ప్రాచీన వర్ణాలు

తెలుగు ముద్రణలో దాదాపు కనుమరుగైన నకారపొల్లుకు 2021లో వెలువడిన యూనికోడ్ 14.0 ప్రత్యేక స్థానం కల్పించింది. ద్రుతం పాదాంతంలో హల్లుగా నిలిచినచోట పూర్వముద్రాపకులు నకారానికి పొల్లు చేర్చి ఊరుకోక, దానికై ఏర్పడిన వేరొక రూపాన్ని (ౝ) వాడేవారు. కావ్యభాషలో ద్రుతప్రకృతికాల ప్రాచుర్యమెట్టిదో ఎరిగినవారికి ఈ అక్షరం ఎంత తరచుగా వచ్చేదో వేరుగా చెప్పనక్కరలేదు. క్రమంగా 'న్' దాని స్థానాన్ని ఆక్రమించింది.

1991నాటి యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగుకు చోటు దక్కినా, ప్రాచీనపాఠ పరిష్కర్తకు కావలసిన వర్ణాలు అందులో కొన్ని లేవు. 2008లో అవగ్రహమూ, దంత్య చ, జలూ (ౘ, ౙ) చేరినవి. 2014లో ఴ, 2015లో ౚ చేరినవి. వీనిలో దంత్యచకారం నిత్యవ్యవహారానికి అనావశ్యకమే. దేశ్యపదాలలో ఇ, ఈ, ఎ, ఏలతో కూడినపుడు తాలవ్యమనీ, ఇతరత్ర దంత్యమనీ తెలుగువాడు అప్రయత్నంగానే ఉచ్చరిస్తాడు. కాని 'చలి' దేశ్యం, 'చలనము' తత్సమం. రెండింటి ఆద్యక్షరమూ అచ్చులో ఒక్కటే, ఉచ్చారణలో ఒక్కటి కాదు. నిఘంటుకర్తకు ఈ భేదాన్ని చూపక తప్పదు.

శాసనపాఠాల విషయంలో సమస్య మరింత తీవ్రం. రేనాటి చోళుల శాసనాలలో కనిపించే ఴకారం ఉత్తరోత్తరా లుప్తమైంది. చోఴ శబ్దమే చోడ, చోళ రూపాలుగా నిలిచింది. ఴకు బదులు డకారమో ళకారమో వేసినవాడు శాసనపాఠాన్ని గాక తన నిర్ణయాన్ని ముద్రించినవాడవుతాడు. శకటరేఫ మొదటినుండీ యూనికోడ్‌లో ఉన్నది గనుక దానిని విడుచుటకు ఆ సాకు కూడ లేదు. 'అరుగు' అనగా వెళ్లు. 'అఱుగు' అనగా జీర్ణమగు.

అయితే యూనికోడ్ ఇచ్చేది సంకేతసంఖ్యను మాత్రమే. అక్షరానికి ఆకృతి నిచ్చేది ఖతి. 2013లో రూపొందిన పెద్దన, సూరన్న మొదలైన ఖతులను సిలికానాంధ్ర ఉచితంగా అందించింది. స్వేచ్ఛగా వాడుకొనదగిన ఖతుల కొరతను తీర్చినందుకు అవి ప్రశంసార్హాలు. కాని పెద్దన పేరు ధరించిన ఆ ఖతి రూపొందిన నాటికి నకారపొల్లుకు సంకేతమే లేదు! పెద్దన కావ్యానికి మరొక అచ్చుభాగ్యం 2015లో పట్టింది. హార్వర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం మూర్తి క్లాసికల్ లైబ్రరీలో మనుచరిత్రను ఆంగ్లానువాదసహితంగా వెలువరించినపుడు, తెలుగు మూలానికై ప్రత్యేకంగా ఖతిని గీయించింది. దాని ఆధారంగా కెనడాలోని టైరో టైప్‌వర్క్స్ సంస్థ టైరో తెలుగు అనే ఖతిని అందరికీ ఉచితంగా విడుదల చేసింది.

సంస్కృతగ్రంథాన్ని తెలుగు లిపిలో ముద్రించువారికి చిక్కులు వేరు. 'కార్త్స్న్యము' వంటి పదంలో ఒత్తులు ఒకదానిపై ఒకటి పడకుండ అమరవలెను. పంక్తుల నడుమ తగిన ఎడముండవలెను. వైదికపాఠానికి కావలసిన ఉదాత్తానుదాత్త స్వరచిహ్నాలు తెలుగు విభాగంలో లేవు. దేవనాగరి విభాగంలోని చిహ్నాలనే తెలుగుకూ వాడవలసి ఉన్నది. అందుకు తగినట్లు ఖతిలో ఏర్పాటు లేనిచో స్వరం అక్షరాన్ని వీడి పక్కన వ్రేలాడుతుంది.

ఒక ఖతిని పరిష్కరణకు స్వీకరించే ముందు ౘ, ౙ, ఴ, ౚ, ౝ అనే ఐదింటినీ కొట్టి చూచుట మేలు. అక్షరానికి బదులు ఖాళీ చతురస్రం కనిపిస్తే లోపం వెంటనే తెలుస్తుంది. కంప్యూటరు మరొక ఖతినుండి ఆ అక్షరాన్ని ఎరువు తెచ్చి నింపినపుడే మోసం. గీతల మందాన్ని పోల్చి చూస్తేగాని అది బయటపడదు. యూనికోడ్‌కు పూర్వపు ఖతులలో కంపోజు చేసి దాచిన ప్రతులది మరీ కష్టం. వానిలో తెలుగు అక్షరాలు రోమను సంకేతాల చాటున ఉన్నవి. వానిని మార్చునపుడు అరసున్నలు, శకటరేఫలు సరిగా వచ్చినవో లేవో మూలప్రతితో పదపదం సరిచూచుకొనవలసినదే.