మారుతి కారు: రెండు రూపములు

గురజాల నుండి మాచర్లకు పోవు బస్సులో బాల్యమున మాకొక ఆట యుండెను. ఎదురు వచ్చు కారు పేరు ముందుగా చెప్పినవారికి మార్కులు. అంబాసిడరుకు, ఫియట్‌కు ఒక్కొక్కటి. పాత మారుతికి మాత్రము ఐదు!

దీనికి కారణము కలదు. 1983 డిసెంబరులో వెలువడిన మారుతి 800 తొలి రూపము అగ్గిపెట్టెవలె కోణములు గలది. 1986లోనే దాని స్థానమున నునుపైన అంచుల రెండవ రూపము వచ్చెను. కారు పొడవు పెరిగెను, గాలి తాకిడి తగ్గెను, 796 సి.సి., మూడు సిలిండర్ల ఇంజను మాత్రము మారలేదు. మూడేండ్లే తయారగుటచే తొలి రూపము మా రోడ్డున అరుదయ్యెను. క్రొత్తదే అందమనువారికి కార్లు తెలియవని మా నిశ్చయము.

స్వల్ప మార్పులతో సాగిన ఆ క్రొత్తదాని తయారీయు 2014 జనవరిలో నిలిచెను. నేడు నరసరావుపేట బజారున అది కనబడినచో ముందుగా కేకవేయువారము మేమే. ఎన్ని మార్కులీయవలెనో ఇంకను తేలలేదు.