చెప్పుకోలేని దురద

ఈ వారం విషయం మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు సొంత అక్కచెల్లెళ్ళతో కూడా చెప్పుకోనిది. నేను డాక్టర్ని కాదు, సాఫ్ట్‌వేర్ కన్సల్టెంట్‌ని. చదివి తెలుసుకున్నది చెప్తాను. వైద్యం మాత్రం మీ డాక్టరుగారి దగ్గరే.

జబ్బు పేరు లైకెన్ స్క్లిరోసస్. యోని బయటి భాగంలో చర్మం తెల్లబడి, పలచబడుతుంది. రాత్రిళ్ళు నిద్రపట్టనివ్వని దురద, గోకితే చీరుకుపోవడం, మూత్రానికి వెళ్తే మంట. ముట్లుడిగినవాళ్ళలో ఎక్కువ, చిన్న ఆడపిల్లల్లోనూ కనిపిస్తుంది. ఇది అంటువ్యాధి కాదు, సుఖవ్యాధి కాదు, శుభ్రత లేక వచ్చేది అసలే కాదు.

మరి క్యాన్సర్ సంగతి? ఈ జబ్బు క్యాన్సర్ కాదు. కానీ ఇది ఉన్న నూరుమందిలో అయిదుగురి లోపు, అదే చోట చర్మ క్యాన్సర్ వస్తుంది. ఇది హెచ్‌పీవీ వైరస్ వల్ల వచ్చే రకం కాదు కాబట్టి ఆ టీకా దీన్ని ఆపదు. పాప్ పరీక్ష గర్భాశయ ముఖద్వారానికి చేసేది. అది నార్మల్ అని వచ్చినంత మాత్రాన బయటి చర్మం కూడా బాగున్నట్టు కాదు.

ఇక మంచి కబురు. ఆస్ట్రేలియాలో 507 మందిని గమనించి 2015లో ఫలితాలు ప్రచురించారు. స్టిరాయిడ్ మందు చెప్పినట్టు వాడిన 357 మందిలో ఒక్కరికీ క్యాన్సర్ గానీ దాని ముందు దశ గానీ రాలేదు. సరిగా వాడని 150 మందిలో 7గురికి వచ్చింది.

సాధారణంగా ఇచ్చేది క్లోబెటసాల్ ఆయింట్‌మెంట్. మందుతో వచ్చే కాగితంలో "జననాంగాల దగ్గర వాడరాదు" అని చదివి భయపడి మానేసేవాళ్ళున్నారు. ఈ జబ్బుకు మాత్రం డాక్టర్ చెప్పిన కొలతలో అక్కడే రాయాలి. దురద తగ్గిందని సొంతంగా ఆపెయ్యకూడదు. అలాగని జబ్బేమిటో తేలకుండా మందుల షాపులో అడిగి కొన్న క్రీములతో ఏళ్ళు గడపడమూ మంచిది కాదు. మానని పుండు, గడ్డ, గట్టిపడిన మచ్చ, రక్తం కనిపిస్తే ఆలస్యం చెయ్యకండి. బయాప్సీ, అంటే చిన్న ముక్క తీసి పరీక్ష, అవసరం కావచ్చు.

ఇండియా నుంచి అమ్మో అత్తగారో వస్తున్నారా? విజిటర్ ఇన్సూరెన్స్ పాత జబ్బులకు చాలావరకు వర్తించదు. బయల్దేరే ముందే అక్కడ చర్మవ్యాధుల డాక్టర్‌కో, గైనకాలజిస్టుకో చూపించమనండి. వాళ్ళంతట వాళ్ళు చెప్పరు, మనమే అడగాలి. అమ్మాయిలూ, ఫోన్‌లో బీపీ, షుగర్ అడిగినట్టే ఈ మాటా ఒక్కసారి అడగండి.

ఉంటాను, సెలవు.