మహమ్మారి వేళ మిఠాయిల వేట

ఏటా అక్టోబరు 31న, హాలోవీన్ సాయంత్రం అమెరికాలో పిల్లలు దయ్యాలుగా, మంత్రగత్తెలుగా, స్పైడర్‌మ్యాన్‌లుగా వేషాలు కట్టి ఇంటింటి తలుపూ తడతారు. ఇంటివాళ్ళు చేతిలో క్యాండీ పెట్టి పంపుతారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఏమిచ్చినా తీసుకోవద్దని ఏడాది పొడుగునా నూరిపోసే తల్లిదండ్రులే ఆ పూట సంచీ చేతికిచ్చి మరీ బయల్దేరదీస్తారు. 2020లో హాలోవీన్ శనివారం పడింది, పైగా పౌర్ణమి. పిల్లల లెక్కలో అంతకు మించిన ముహూర్తం లేదు. కాకపోతే అదే వారంలో ఆ దేశంలో రోజువారీ కొత్త కోవిడ్ కేసులు లక్ష దరిదాపుల్లోకి వచ్చాయి. చనిపోయినవారి సంఖ్య 2,25,000 దాటింది.

అలాంటి రోజుల్లో పిల్లల్ని ఈ ఇంటింటి క్యాండీ వేటకు, అంటే ట్రిక్ ఆర్ ట్రీట్‌కి తీసుకెళ్ళాలా, వద్దా? అప్పుడు హడావుడిలో తేలని ఈ ప్రశ్నను ఇప్పుడు నింపాదిగా విప్పి చూడొచ్చు. ఇంకో మహమ్మారి రాదని ఎవరూ హామీ ఇవ్వలేదు కనక ముందుముందు పనికొస్తుంది కూడా.

ఆనాడు అధికారుల దగ్గర కూడా ఒకే మాట లేదు. లాస్ ఏంజెలెస్ కౌంటీ ఆరోగ్య శాఖ సెప్టెంబరులో ఇంటింటి తిరుగుడును నిషేధించింది. మర్నాటికల్లా, నిషేధం లేదు గానీ తిరగమని మేము చెప్పం అంటూ మెత్తబడింది. కెనడాలో ఒంటారియో ప్రభుత్వం టొరంటో, ఒటావా లాంటి కేసులెక్కువున్న చోట్ల వద్దంది. పక్కనున్న క్విబెక్, తమ ఇంటివాళ్ళతో కలిసి వెళ్ళొచ్చంది. ఒటావాకూ క్విబెక్‌లోని గాటినోకూ మధ్య అడ్డం ఒక నదే. ఏ ఒడ్డున ఎలా నడుచుకోవాలో వైరస్‌కు ఎవరు చెప్పారో మరి.

అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ పండగ పనులన్నిటినీ మూడు మెట్లుగా విడగొట్టింది. ఇంట్లో గుమ్మడికాయ చెక్కుకోవడం తక్కువ ముప్పు. పొట్లాలు కట్టి డ్రైవ్‌వే చివర పెడితే పిల్లలు దూరం పాటిస్తూ తీసుకెళ్ళడం మధ్యస్థం. గుమ్మం దగ్గర చేతికివ్వడం ఎక్కువ ముప్పు. నాలుగ్గోడల మధ్య కిక్కిరిసిన వేషాల పార్టీ కూడా ఆ మూడో మెట్టుమీదే. ఇక్కడే చిక్కు. ఆరుబయట పది సెకన్ల పనినీ, గదిలో మూడు గంటల పార్టీనీ ఒకే గాటన కడితే తల్లిదండ్రులకు తేడా తెలిసేదెలా?

తేడా గాలిలో ఉంది. కోవిడ్ ప్రధానంగా మనిషి ఊపిరితో, మాటతో, దగ్గుతో వచ్చే సూక్ష్మ తుంపర్ల ద్వారా పాకుతుంది. తలుపులు మూసిన గదిలో సాంబ్రాణి పొగ ఎంతసేపు నిలుస్తుందో, పెరట్లో వేస్తే ఎంత త్వరగా చెదిరిపోతుందో తలచుకుంటే సగం విషయం అర్థమైనట్టే. మిగతా సగం దూరం, సమయం. వైరస్ సోకిన మనిషికి ఆరడుగుల లోపు పదిహేను నిమిషాలు ఉంటే దగ్గరి కాంటాక్ట్ కింద అప్పటి లెక్క. ఆ పదిహేను నిమిషాలూ ఏకబిగిన కానక్కర్లేదు, ఇరవై నాలుగు గంటల్లో విడివిడిగా కలిసినా చాలని సీడీసీ 2020 అక్టోబరు 21న, పండగకు సరిగ్గా పది రోజుల ముందు సవరించింది. కాంటాక్టులను వెతకడానికి గీసుకున్న గీత అది. వైరస్ స్టాప్‌వాచీ పట్టుకుని తిరగదు. అయినా గీత ఉంది కనక ఒక లెక్క వేద్దాం.

పిల్లవాడు నలభై ఇళ్ళకు వెళ్ళాడనుకుందాం. గడపకు పది సెకన్లు. మొత్తం ఏడు నిమిషాల లోపే, అదీ ఆరుబయట, నలభై మంది వేర్వేరు మనుషులతో. ఇప్పుడు గుమ్మానికి అవతలివైపు నిలబడండి. నూట ఇరవై మంది పిల్లలు వస్తే ఆ ఒక్క మనిషి ముందు ఇరవై నిమిషాల ఊపిరి పోగవుతుంది. అందరం పిల్లల గురించే బెంగపడ్డాం గానీ, ముప్పు ఎక్కువ పంచేవాళ్ళకే. అమ్మానాన్నలు పిల్లల వెంట వెళ్తే ఇంట్లో తలుపు తీసేదెవరు? ఫ్రిస్కో, ఎడిసన్ లాంటి అమెరికా ఊళ్ళలోని తెలుగింట్లో చాలాసార్లు అమ్మమ్మో తాతయ్యో. భారత్ ఆ మార్చిలో అంతర్జాతీయ విమానాలను ఆపేయడంతో, పిల్లల దగ్గరికి వచ్చి అక్కడే ఆగిపోయిన పెద్దవాళ్ళు ఎందరో. కోవిడ్ ఎక్కువగా ప్రాణం తీసింది ఆ వయసువాళ్ళదే.

మూడో సంగతి గడపల మధ్య జరుగుతుంది. నాలుగు కుటుంబాల పిల్లలు భుజాలు రాసుకుంటూ రెండు గంటలు తిరిగి, చివరికి ఎవరో ఒకరింట్లో పిజ్జా ముందు చేరతారు. పెద్దలు అప్పటికే మాస్కులు తీసి కబుర్లలో ఉంటారు. అసలు అంటుకునేది అక్కడ. ఆ పిజ్జా గురించి మాత్రం ఎవరూ భయపడరు. భయమంతా క్యాండీ మీదే.

ఈ పండగకు అది పాత అలవాటు. అపరిచితులు క్యాండీలో విషం కలుపుతారని అమెరికన్లు దశాబ్దాలుగా వణుకుతున్నారు. 1958 నుంచి వార్తలను గాలించిన సామాజిక శాస్త్రవేత్త జోయెల్ బెస్ట్‌కు అలా ఒక పిల్లవాడు చనిపోయిన రుజువైన కేసు ఒక్కటీ దొరకలేదు. 1974లో టెక్సస్‌లో ఒక బాబు విషపు క్యాండీ తిని చనిపోయిన మాట నిజమే. కలిపింది కన్నతండ్రి, ఇన్సూరెన్సు డబ్బు కోసం. మరోపక్క, నాలుగు దశాబ్దాల లెక్కలు తీసిన ఒక అధ్యయనం ప్రకారం, హాలోవీన్ సాయంత్రం నడిచివెళ్ళేవాళ్ళు వాహనాల కింద పడి చనిపోయే ముప్పు మామూలు సాయంత్రాల కంటే 43 శాతం ఎక్కువ. అయినా కార్లను పరీక్షించినవాళ్ళు లేరు, రేపర్లను పరీక్షించనివాళ్ళు లేరు.

కోవిడ్‌లోనూ అంతే. శాన్ డియేగో పరిశోధకులు కోవిడ్ రోగుల చేత క్యాండీలను పట్టించి, వాటి మీద దగ్గించి మరీ చూశారు. వైరస్ ఆనవాళ్ళు దొరికాయి. రోగులు ముందుగా చేతులు కడుక్కుంటే బాగా తగ్గాయి. అయితే ఆనవాలు వేరు, జబ్బు అంటుకోవడం వేరు. వస్తువులను తాకడం వల్ల సోకే అవకాశం పదివేలలో ఒకటి కంటే తక్కువని సీడీసీ 2021 ఏప్రిల్‌లో తేల్చింది. తినే ముందు పిల్లలు చేతులు కడుక్కుంటే చాలు. చాక్లెట్లకు తలంటు పోయనక్కర్లేదు.

వేషంతో వచ్చే ప్లాస్టిక్ ముసుగు మాస్కు కాదు, దానికి ముక్కు దగ్గరా నోటి దగ్గరా కంతలుంటాయి. గుడ్డ మాస్కు మీద దాన్ని తొడిగితే ఊపిరాడకపోవచ్చు. రెండిట్లో ఒకటి ఎంచుకోవాలంటే స్పైడర్‌మ్యానే సర్దుకోవాలి. టీకా ఉంది కదా అంటే, 5 నుంచి 11 ఏళ్ళ పిల్లల టీకాకు అమెరికాలో అనుమతి 2021 అక్టోబరు 29న వచ్చింది, సీడీసీ సిఫార్సు నవంబరు 2న. మధ్యలో పండగ వచ్చి వెళ్ళిపోయింది.

కాబట్టి నా తీర్పు ఇది. వెళ్ళొచ్చు, పండగ కొలత తగ్గించుకుని. అదే 2020లో ఖైరతాబాద్ గణపతి, అంతకు ముందు ఏడు 61 అడుగులున్నవాడు, 9 అడుగులతో కొలువుదీరాడు. ఆ పద్ధతి మనకు తెలియనిది కాదు. ఒక్క ఇంటి పిల్లలే కలిసి తిరగాలి, మాస్కుతో. పొట్లాలు బల్లమీద, ఆరుబయట పెట్టాలి. ఒహాయోలో ఒక తండ్రి ఆరడుగుల గొట్టంలోంచి క్యాండీ జార్చాడు, అదీ మంచిదే. తాతయ్య కాస్త దూరంగా కుర్చీలో కూర్చుని వేషాలు చూడొచ్చు, పంచే పని వద్దు. ఇంట్లో క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్ళుంటే, ఊళ్ళో కేసులు ఎగబాకుతుంటే ఆ ఏడాదికి మానేయడమే మేలు.

పార్టీ మానండి, వీధి మానక్కర్లేదు. ఇంట్లో ఎవరికైనా జ్వరమో దగ్గో ఉంటే మాత్రం రెండో ఆలోచన వద్దు. గుమ్మం దీపం ఆర్పేయండి. ఆ దేశంలో దీపం వెలగని ఇంటికి పిల్లలు రారు, ఎవరూ తప్పుపట్టరు.