సముద్రం లేని ఊరికి ఓడరేవుతో పనేమిటి?

మహబూబాబాద్ జిల్లా పెద్దవంగరలో నిలబడి ఎటు చూసినా పత్తి, మిర్చి, వరి చేలే. అలల చప్పుడు వినాలంటే వందల కిలోమీటర్లు వెళ్లాలి. అయినా ఆ చేలకూ ఓడరేవుకూ చుట్టరికం ఉంది!

ఎలా?

పొలంలో చల్లే ఎరువునే తీసుకోండి. భాస్వరం ఎరువుల తయారీకి కావలసిన రాక్ ఫాస్ఫేట్‌లో ఎక్కువ భాగం విదేశాల నుంచి ఓడల్లోనే వస్తుంది. 1933లో మొదలైన విశాఖపట్నం ఓడరేవు పక్కనే ఎరువుల కర్మాగారం ఉంది.

పరిశ్రమలు రేవు పక్కనే ఎందుకు?

బరువైన ముడిసరుకును దింపిన చోటే వాడుకుంటే లారీల తిరుగుడు తగ్గుతుంది, డీజిలూ మిగులుతుంది. విశాఖలో నూనెశుద్ధి కర్మాగారం, ఓడల తయారీ కేంద్రం కూడా రేవును ఆనుకునే వెలిశాయి.

ఓడకు ఖర్చు తక్కువ ఎందుకు?

ఓడ బరువును నీరే మోస్తుంది. నెమ్మదిగా సాగే ఓడకు నీటి నిరోధమూ తక్కువే. అందుకే ఒక టన్ను సరుకును ఒక కిలోమీటరు చేర్చడానికి లారీ కంటే ఓడకు చాలా తక్కువ ఇంధనం చాలు.

మరి కాలుష్యం?

రేవులో దింపే బొగ్గు, ఖనిజాల దుమ్ము పక్కనున్న ఊరి మీద పడుతుంది. దాన్ని అణచడానికి కుప్పల మీద నీళ్లు చిమ్ముతారు, పైన కప్పుతారు. విశాఖ రేవు 10 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం పెట్టుకుంది. ఆగి ఉన్న ఓడకు ఒడ్డు నుంచే కరెంటు ఇస్తే, అది తన డీజిల్ జనరేటర్లను ఆపేయవచ్చు.

రేవు శుభ్రంగా ఉంటే ఊరికీ మేలు, చేనుకూ మేలు!